కొంగ దొరకి నూటికి నూరు

నాకున్నది ఒక్కటే డాక్టరేటు. దాన్ని ముప్ఫై నాలుగేళ్ళుగా ముగ్గురు వాడుకున్నంత వాడాను. గేటు మీద డాక్టర్ సాంబమూర్తి అని ఉంటుంది. పాలకార్డు మీదా ఉంటుంది. ఒకసారి రైల్లో చార్టు మీద కూడా పడి, ఎవరికో గుండెల్లో మంటగా ఉందంటూ టీసీ పరుగున వచ్చి నన్ను లేపాడు. నాది ఊడుపు పాటల మీద డాక్టరేటు బాబూ అని చెప్పి అటు తిరిగి పడుకున్నాను. ఆ పెద్దమనిషి అదృష్టవంతుడు, బతికి బట్టకట్టాడు.

ఊడుపు పాటలంటే వరినాట్లప్పుడు ఆడవాళ్ళు మడిలో వరసగా వంగి, ఆకు, అంటే వరినారు, నాటుతూ పాడుకునేవి. ఒకావిడ ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. వాటి మీద నేను ఆరువందల పేజీలు రాశాను. అందులో ఐదువందల తొంభై ఎవరూ చదవలేదు, అది నాకూ తెలుసు. మిగతా పది పేజీలూ ఒక పాట గురించి. ఆ పాట ఇది:

కొంగ దొర దిగినాడు గట్టుమీదా
ఒంటికాలి మీద నిలిచె ఒడ్డుమీదా
సంకలోన సంచి ఉంది, సద్ది లేదూ
సంగతులు అడుగుతాడు, సిగ్గు లేదూ

ఈ కొంగ దొర ఎవరు? అదే నా పరిశోధన. ఈయన రెండువేల ఏళ్ళ నాటి జలదేవత అని తేల్చాను. ఒంటికాలి మీద నిలవడం తపస్సు. సంకలో సంచి విత్తనాల సంచి. సద్ది లేదు కాబట్టి ఉపవాస వ్రతం. ఇక ‘సిగ్గు లేదు’ అన్న మాట మీద నాలుగు పేజీలు రాశాను. మానావమానాలకు అతీతమైన యోగస్థితి అది అన్నాను. పరీక్షకులు కళ్ళు తుడుచుకున్నారని విన్నాను.

ఆ పాట డిగ్రీ పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది. పాఠ్యపుస్తకాల కమిటీలో నేనే ఉన్నాను, ఎక్కక ఏం చేస్తుంది? తరవాత మా ఊరి మునిసిపాలిటీ వాళ్ళు బస్టాండు కూడలిలో పన్నెండడుగుల సిమెంటు కొంగని నిలబెట్టారు. ఏటా కొంగ దొర ఉత్సవం. ఎమ్మెల్యే గారు వచ్చి కొబ్బరికాయ కొడతారు, నేను పక్కన నిలబడి చిప్ప అందుకుంటాను.

ఇలా సుఖంగా రోజులు గడుస్తుండగా ఒక మంత్రిగారికి మనసు కష్టపడింది.

ఆయన ఏదో సభకి వెళ్తే అక్కడ జానపద బృందం ఒకటి పాడింది. ఆయన చప్పట్లు కొట్టారు, తలాడించారు, మెడలో శాలువా తీసి వాళ్ళకి కప్పారు. కారెక్కాక పీఏ చెవిలో చెప్పాడు, అది సినిమా పాట సార్ అని. పాపం ఆయన ఆ రాత్రి భోజనం చెయ్యలేదట. వారం తిరక్కుండా జీవో వచ్చింది. జానపద శుద్ధత పరిరక్షణ మరియు కల్తీ నివారణ కమిటీ. ఛైర్మన్ కమిషనర్ గరుడాచలం గారు. నిపుణ సభ్యుడు నేను.

గరుడాచలం గారు ఆ ముందు ఆహార కల్తీల శాఖలో పనిచేసి వచ్చారు. మొదటి సమావేశంలోనే ఆయన దృక్పథం వెల్లడించారు. “పాలలో నీరు, కారంలో ఇటుకపొడి, జానపదంలో సినిమా. ఈ మూడింటినీ ప్రభుత్వం ఒకే దృష్టితో పరిగణించుచున్నది. పాలకు లాక్టోమీటరు ఉన్నది. జానపదమునకు ఏమి ఉన్నది?”

నేను గొంతు సవరించుకుని, కొంగ దొర ఉన్నాడండీ అన్నాను. ఎందుకన్నానో అప్పుడు తెలీదు. పొగరు, ఇంకేముంది. ఆ పాట రికార్డు చేసుకొచ్చిన నా పాత టేపుని అట్టపెట్టెలో పెట్టి, లక్కముద్ర వేసి, నూటికి నూరు శాతం శుద్ధ జానపదంగా ప్రకటించారు. మిగతా పాటలన్నిటికీ ఇక అదే కొలత.

నిబంధనలు రాయడానికి మూడు రోజులు పట్టింది. పాట వయసు డెబ్బై ఐదేళ్ళకి తక్కువ ఉండరాదు. పాట కట్టినవారెవరో తెలియరాదు, తెలిసినచో అది కవిత్వమగును, సదరు వ్యక్తి కవి అగును, కవికి ఈ శాఖతో సంబంధము లేదు. పాడేవాళ్ళకి సినిమా తెలియదని వీఆర్వో దగ్గర ధ్రువపత్రం తెచ్చుకోవాలి. దీంతో వీఆర్వోల ఆఫీసుల ముందు క్యూలు కట్టారు జనం. వీఆర్వో గోడ మీది హీరో బొమ్మ చూపించి ఎవరని అడగడం, వీళ్ళు మా మావయ్య కాదు కదండీ అనడం, ఆయన సంతకం పెట్టడం.

ఇవన్నీ దాటినా ఒక పరీక్ష మిగిలి ఉంటుంది. సినీ గేయ నిపుణుడు బుజ్జిబాబు సినిమా పాటలు వేస్తాడు. బజార్లో క్యాసెట్ల కొట్టు మూతపడ్డాక ఆయనకి వచ్చిన ఉద్యోగం అది. పాట మోగుతున్నప్పుడు కళాకారుల కాళ్ళు కదులుతున్నాయేమో అటెండరు సత్తిరాజు బల్ల కింద కూర్చుని చూడాలి. మొదటి రోజు రెండు జతల కాళ్ళు కదిలాయని నివేదిక ఇచ్చాడు. ఒకటి కమిషనర్ గారివి, రెండోది నావి. కమిటీ సభ్యుల కాళ్ళు ఈ నిబంధన పరిధిలోకి రావని సాయంత్రానికి సవరణ వెలువడింది.

నూటికి తొంభై వస్తేనే కార్డు. కార్డు ఉంటేనే పోలీసులు మైకు పర్మిషన్ ఇస్తారు. నెల రోజుల్లో నాలుగువందల మందిని విన్నాం, ఒక్కరూ నలభై దాటలేదు. పై నుంచి ఒత్తిడి పెరిగింది. అప్పుడు భూలోకం అనే ఆయన దొరికాడు. భార్యకి తోడుగా వచ్చి మూల కూర్చున్నాడు. ఆవిడకి ఇరవై రెండు శాతం వచ్చింది. కమిషనర్ గారు నిరాశగా ఆయన వైపు తిరిగి, నీవు పాడుదువా అన్నారు.

“ఈ జన్మలో పాడలేదండి” అన్నాడు భూలోకం.

“కల్తీ శూన్యం” అన్నారు కమిషనర్ గారు. మొదటి కార్డు ఆయనకిచ్చాం. ఇప్పటికి మూడు సభల్లో సన్మానం జరిగింది. పాడమని అడిగితే చేతులు జోడిస్తాడు. ఎంత వినయమో చూడండి అంటారు జనం. ఆ దారి తెలిశాక ఇంకో నూట పన్నెండు మందికి కార్డులు వేగంగా ఇవ్వగలిగాం.

ఇదిగో, ఈ ఊపులో ఉండగా వరాలమ్మ వచ్చింది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. వెంట ఇంకో ఐదుగురు ఆడవాళ్ళు. ఎంపీడీవో ఆఫీసు మీటింగు హాల్లో మా ఎదురుగా వరసగా నిలబడ్డారు. పాడమనగానే వరాలమ్మ ఎత్తుకుంది:

మిషనమ్మ దిగినాది మడిలోకీ
మా నడుములు చేరాయి మూలలోకీ

హాలంతా కదిలిపోయింది. సత్తిరాజు బల్ల కింద చూడటం మానేసి తల పైకెత్తి విన్నాడు. ఇంతలో బుజ్జిబాబు చెయ్యెత్తాడు. “సార్, మాటలు ఏమో గానీ వరస మాత్రం మొన్న శుక్రవారం విడుదలైన సినిమాది.”

గరుడాచలం గారు కళ్ళజోడు తీశారు. “సదరు గాయని, సదరు సినిమా బాణీని, సదరు కమిటీ సమక్షంలోనే పాడుటను తీవ్రంగా పరిగణించడమైనది. అమ్మా, మీకు పాత పాటలు లేవా? మీ అమ్మమ్మ పాడినవి?”

“ఉంటే మాత్రం ఎవరు పాడతారండి?” అంది వరాలమ్మ. “పోయినేడు పాట ఈ ఏడు పాడితే నడుం నొప్పి తెలుత్తాదండి.”

“అనగా?”

“పాత పాటైతే ఎక్కడ మొదలో ఎక్కడ ఆఖరో తెలిసిపోద్ది కదండి. నాలుగు పాటలైతే ఒక మడి అవుద్ది, ఇంకా పది మళ్ళున్నాయి అని లెక్క తేలిపోద్ది. ఇక నడుం లెగదు. కొత్త వరసైతే బుర్ర దాని మీద ఉంటాది. అందుకని ఏ ఏడు కొత్త వరస ఆ ఏడు పట్టుకుంటాం. మా అమ్మా అంతే, అమ్మమ్మా అంతే. ఎవరిదైతే ఏటండి, టెంటు హాలు సినిమాదైనా, గుళ్ళో మైకుదైనా, బళ్ళో పిల్లల పద్యమైనా. మాటలు మాయి పడేసుకుంటాం. ఇప్పుడు నాటే మిషన్లొచ్చాయి, మడిలో పనే పోయింది. పాటొకటి మిగిలింది. పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ పిలుత్తున్నారు. కార్డు లేపోతే మైకు పెట్టనియ్యమంటున్నారండి.”

ఆరువందల పేజీల్లో ఎక్కడా లేని మాట అది. ఎందుకు లేదంటే నేను ఏ ఏడూ ఎవరినీ ఇది అడగలేదు. అది ఒప్పుకోవాల్సింది పోయి, నాలో మాస్టారు నిద్ర లేచాడు. “అమ్మా, శుద్ధమైన ఊడుపు పాట ఎలా ఉంటుందో నేను వినిపిస్తాను, కూర్చోండి” అన్నాను. లక్కముద్ర తీయించి టేపు పెట్టించాను.

రెండో పాదానికి వరాలమ్మని పక్కావిడ డొక్కలో పొడిచింది. మూడో పాదానికి ఆరుగురూ నోట్లో చెంగులు కుక్కుకున్నారు. నాలుగో పాదానికి ఒకావిడ నేల మీద కూలబడిపోయింది.

“ఓలమ్మో, ఇది మన పాటేనే!” అంది వరాలమ్మ.

“మీ పాట ఎట్లగును? ఇది రెండు వేల సంవత్సరముల నాటిది” అన్నారు కమిషనర్ గారు.

“కాదండి, నా పెళ్ళైన మూడో ఏటిదండి. ఊడుపుల్లో ఒకాయన వచ్చాడు. తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. ఒక చెప్పు బురదలో దిగడిపోయింది. రెండో కాలు కిందెడితే అదీ పోతాదని భయమో ఏమో, ఒంటికాలి మీద అరగంట నించున్నాడండి పాపం. సంచిలో రేడియో లాంటిదేదో ఉంది. పాడండమ్మా పాడండమ్మా అని ఒకటే పోరు. మా మడి గట్టు మీదికి ఎవరొచ్చినా ఆకుకట్ట ఎదురెట్టి, వాళ్ళ మీద పాట కట్టి ఏడిపిత్తామండి. చేతిలో ఎంతో కొంత పెడితే దారి వదుల్తాం. ఆయనకి ఆ సంగతే తెలీదు. మేం ఎంత తిడితే అంత సంబరపడి రాసుకున్నాడండి.”

అందరూ నా వైపు తిరిగారు. సత్తిరాజు బల్ల కింద నుంచి నా కాళ్ళ వైపు చూశాడు. అలవాటు కొద్దీ నేను ఆవిడ మాటలు నోట్ చేసుకుంటున్నాను. మెల్లిగా కలం మూశాను.

వరాలమ్మ నన్ను పరకాయించి చూసి చెంపలు వేసుకుంది. “అయ్యో, తమరేనేటండి! అప్పుడు జుట్టుండేదండి.”

సిగ్గేసింది. ఆ మాట మీద నాలుగు పేజీలు రాసిన నాకు అది నిజంగా వెయ్యడం అదే మొదలు. నా పుస్తకం రెండువందల పద్నాలుగో పేజీలో ‘గాయని: వరాలమ్మ, 22 సం.’ అని నేనే అచ్చు వేయించాను. దరఖాస్తులో అదే పేరు చూసి కూడా గుర్తుపట్టలేదు. నా పుస్తకం చదవని వాళ్ళ జాబితాలో నేనూ ఉన్నానన్నమాట.

“ఆ పాట వరస ఎక్కడిది?” అన్నారు కమిషనర్ గారు, నీరసంగా.

“ఆ వారం టెంటు హాల్లో ఆడుతున్న సినిమాదండి.”

బుజ్జిబాబు తలూపాడు. “నాకు మొదటి రోజే తెలుసు సార్. కొలతని కొలవమని ఎవరూ అడగలేదు కదా అని ఊరుకున్నాను.”

టీ కోసం సమావేశం వాయిదా వేసి, గరుడాచలం గారు నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళారు. తలుపు వేశారు. “డాక్టరు గారూ, కొంగ దొర పోతే నూట పదమూడు కార్డులు పోవును. పాఠ్యపుస్తకము పోవును. కూడలిలోని విగ్రహము తీయవలెను, తీసిన అది ఎవరి విగ్రహమని ప్రజలు అడుగుదురు. కాబట్టి కొంగ దొర పోడు. రెండు మార్గములు కలవు. ఒకటి, ఈమె చెప్పినది అసత్యమని నిపుణుడుగా మీరు రాయుడు. మీ గ్రంథము క్షేమం. తప్పుడు ప్రకటన కింద ఈమె బృందమునకు యావజ్జీవ మైకు నిషేధం. రెండవది, ఆ పాట ఎవరు పాడిరో, ఎవరి మీద పాడిరో పరిశోధకునికి ఏమియు తెలియదని, గ్రంథములోని పేరు అతని అవివేకము వలన దొర్లినదని మీరు రాయుడు. అప్పుడు కర్త అజ్ఞాతం, పాట శుద్ధం. ఈమె ఆ పాటనే పాడి కార్డు తీసుకొనవచ్చు. ఉదయపు విచారణ జరగనట్లుగా భావించబడును. కమిటీకి రెండూ సమ్మతమే.”

దాచుకోను, నా చెయ్యి మొదటి దాని వైపే పోయింది. ‘సదరు మహిళ వాదన చారిత్రకాధారములకు విరుద్ధము’ అని వాక్యం కూడా మనసులో తయారైంది, బ్రహ్మాండంగా కుదిరింది. ముప్ఫై నాలుగేళ్ళ పేరు. ఇంట్లో మనవరాలికి కొంగ దొర పాట నేర్పింది కూడా నేనే. గాలి ఆడక వరండాలోకి వచ్చాను.

వరాలమ్మ బృందం మెట్ల మీద కూర్చుని గారెలు తింటోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను.

“వచ్చే బుధవారం పెళ్ళికి తాంబూలం పుచ్చేసుకున్నామండి. కార్డు ఇవ్వరేమో అని వీళ్ళు దిగులుపడతన్నారు” అంది. ఇంకేమీ అడగలేదు. చేతిలో గారె తుంచుతూ, “బాబుగారూ, ఏమనుకోకండి. ఆ చెప్పు తమరికి దొరకలేదు కదండీ?” అంది.

“దొరకలేదమ్మా.”

“మాకు దొరికిందండి ఆ సాయంత్రం. కడిగి, ఊళ్ళోకి పట్టుకెళ్ళి అడిగితే తమరు బస్సెక్కిపోయారన్నారు. మళ్ళీ వత్తారేమో అని కార్తీకం దాకా చూరులో పెట్టి ఉంచానండి. తోలు చెప్పు, ఖరీదైందేమో అని.”

నేను మళ్ళీ వెళ్ళలేదు. టేపు దొరికింది కదా, మనుషులతో ఇంక పనేముంది? కళ్ళు చెమర్చాయి. ఆవిడ ఒక గారె చేతిలో పెట్టింది, తిన్నాను.

లోపలికెళ్ళి రెండో కాగితం రాశాను. స్వతంత్ర నిపుణుడు ఎవరైనా ధ్రువీకరించాలన్నారు. ఊడుపు పాటల మీద రాష్ట్రంలో ఉన్న నిపుణుడు నేనొక్కణ్ణే. అందుకని ఎడమ పక్కన పరిశోధకుడిగా నాకేమీ తెలియదని సంతకం పెట్టి, కుడి పక్కన నిపుణుడిగా, అవును, ఈ పరిశోధకుడు నమ్మదగినవాడు కాడు అని ఇంకో సంతకం పెట్టాను. వరాలమ్మని కూడా ఆ పాట తనది కాదని వేలిముద్ర వెయ్యమన్నారు. “నాదని నేనెప్పుడన్నానండీ? మడిలో ఆరుగురం పాడాం” అంటూ వేసింది. తరవాత వాళ్ళు కొంగ దొర పాట పాడారు. నూటికి నూరు వచ్చింది. వెనకాల ఇద్దరు నవ్వాపుకోలేక దగ్గారు, దాన్ని జానపద సహజ ధ్వనిగా కమిషనర్ గారు నమోదు చేయించారు.

కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. ధ్రువీకరించిన పాట తప్ప వేరొకటి పాడితే అక్కడికక్కడే మైకు స్వాధీనం. తనిఖీకి నన్ను వేశారు. ఏమీ తెలియదని రాతపూర్వకంగా ఒప్పుకున్నవాడు కనక నిష్పక్షపాతంగా ఉంటాడని ఆర్డరులో రాశారు.

బుధవారం పెళ్ళికి వెళ్ళాను. పెద్ద షామియానా, పొద్దున్నే ముహూర్తం అయిపోయింది, భోజనాలు నడుస్తున్నాయి. పక్కనే మైకు కోసం ఒక కానిస్టేబులు. వరాలమ్మ కొంగ దొరతో మొదలుపెట్టింది. ఎవరూ విస్తట్లోంచి తలెత్తలేదు. రెండోసారీ అదే పాడింది. మగపెళ్ళివారి వైపు ఒకాయన ఆవలించాడు. మూడోసారి మొదలుపెట్టబోతూ ఆగింది. ఆవిడ చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. నా వైపు చూసింది. నా ఒళ్ళో తనిఖీ ఫారం ఉంది, చేతిలో కలం ఉంది.

అంతే, శుక్రవారం సినిమా వరస అందుకుంది. మాటలన్నీ వియ్యపురాలి మీద, ఆవిడ పట్టుచీర మీద, పెళ్ళికొడుకు నల్ల కళ్ళజోడు మీద. షామియానా గొల్లుమంది. వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. వియ్యపురాలు స్వయంగా లేచి వచ్చి, ఉడుక్కుంటూనే, నవ్వుతూనే, ఇంకోటి పాడమంది.

నేను ఫారం నింపాను. పాట పేరు: తెలియదు. వరస ఎక్కడిది: తెలియదు. కట్టినవారు: తెలియదు. పాట వయసు: తెలియదు. మా నిబంధనల ప్రకారం ఏ సంగతీ తెలియని పాటని మించిన శుద్ధమైన పాట లేదు. శాతం దగ్గర వంద వేశాను.

కానిస్టేబులు నా దగ్గరికి వంగాడు. “సార్, ఇది సినిమా పాట కదండీ? మా పిల్లలు పొద్దస్తమానం ఇదే పాడతన్నారు. మైకు తీసెయ్యమంటారా?”

“నాకేం తెలుసు నాయనా, నేను నిపుణుణ్ణి” అన్నాను.